ముందువాడి మాట

తెప్ప ముందు పట్టుకున్నవాడు “తొయ్” అనాలి. అప్పటిదాకా వెనకవాడు కదలకూడదు. జాలారిపేటలో పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. మా తెప్పకు ఆ మాట చెప్పేవాడు మా అన్న అప్పలసూరి, వెనక తోసేవాడు మా ఆయన జగ్గారావు. అలకీ అలకీ మధ్య సందు పట్టడంలో అన్నను మించినవాడు లేడని నేను గొప్పలు పోయేదాన్ని.

తొంభై ఏడు వానాకాలంలో మా తమ్ముడు తాతబాబు కూడా ఆ తెప్ప ఎక్కాడు. అన్న “తొయ్” అన్నాడు, అల తిరగేసింది. తమ్ముడు దక్కలేదు.

ఆ తర్వాత అన్న నోట ఆ “తొయ్” పెగిలేది కాదు. మంచి ధర పలికే కోనాం చేపలు పడుతున్నాయంటే అందరికన్నా ముందొచ్చేవాడు, కళ్ళు మెరిసేవి. నీళ్ళు నడుముకు తగిలేసరికి కాళ్ళు బిగిసిపోయేవి. చేపలమ్మే దాన్ని, తక్కెడ సంగతి నాకు తెలుసు. అన్న బుర్రలో ఒకవైపు ఎన్ని కోనాలు వేసినా, రెండోవైపు ఒక్క అలకే దిగిపోయేది.

“సందుంది బావా, సెప్పు,” అనేవాడు మా ఆయన.

“ఉండు. ఎనక పెద్దదొస్తంది.”

“ఏటొస్తంది? ఏటీ నేదు!”

పక్క తెప్పలు దాటిపోయేవి. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఎట్టకేలకు “తొయ్” అన్నాడు. సగం దూరం వెళ్ళాక “ఆగు” అని అరిచాడు. అలలో తెప్పను ఆపకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆగిన తెప్ప అడ్డం తిరిగి మా ఆయన భుజం మీద పడింది. ఎముక పక్కకు జరిగింది.

భుజం కుదిరాక మా ఆయన హార్బర్‌లో మరబోటు ఎక్కాడు. అన్న మాత్రం రోజూ తెప్ప పక్కన ఒక్కడే కూర్చునేవాడు. పలకరిస్తే నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను గంపెత్తుకుని చుట్టుదారిన వన్ టౌన్ బజారుకు పోయేదాన్ని.

మరుసటి ఏడు ఒక సాయంత్రం అన్న మా ఇంటికొచ్చాడు. అతన్ని అంత హుషారుగా చూసి ఎన్నాళ్ళయిందో! ఇద్దరికీ అన్నం వడ్డించాను.

“బావా, రేపు తెప్ప దింపుదాం. నూకాలుగాడి తెప్ప మీద ఎల్లి అలలు దాటొచ్చాను. బయం పోనాది.”

మా ఆయన కంచంలో చెయ్యి ఆపాడు.

“బుజం ఇంకా నొప్పా?” అడిగాడు అన్న.

“నొప్పి నేదు బావా. అలన్నా బయం నేదు. నువ్వు తొయ్యంటే నా సేతులు కదలవు.”

అన్న చాలాసేపు తలూపాడు. అన్నం ముట్టకుండా లేచాడు. నేను వీధి చివరిదాకా వెంట వెళ్ళాను.

“నువ్వైనా నమ్ముతావేటే, గంగాలూ?”

నమ్ముతానన్నాను. నిజంగానే నమ్మాను. కానీ మా పేటలో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు.