ఎడమ చేతుల పాట

అయాంథి లిబర్డ్ ఆంటీ వాళ్లమ్మ లీడ్స్‌లో ఒక కోట్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఆ ఇరవై రెండేళ్లూ ఆవిడ కుట్టింది కోటుకి ఎడమ చెయ్యి మాత్రమే. కుడి చేతులు వేరే వరసలో వేరేవాళ్లు కుట్టేవారు. కరేబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ దీవిలో ఉన్నప్పుడు ఊళ్లో పెళ్లి బట్టలన్నీ ఒంటిచేత్తో కుట్టి ఇచ్చిన మనిషి, ఇంగ్లండ్ వచ్చాక నిండు కోటు ఒక్కటి కూడా కుట్టకుండానే పోయింది. ఆంటీ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచదు. పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పి ఊరుకుంటుంది.

ఆంటీ ముప్ఫై అయిదేళ్లు నర్సుగా పురుళ్లు పోసింది. లీడ్స్‌లో మా పేట చాపెల్‌టౌన్‌లో సగం మంది ఆవిడ చేతుల్లోకే పుట్టారు, నాతో సహా. రిటైరయ్యాక మా స్టీల్ పాన్ బ్యాండుని పూర్తిగా తన నెత్తినేసుకుంది. పెట్రోలు పీపాల మూతల్ని సుత్తితో కొట్టి కొట్టి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికేలా చేసిన వాయిద్యాలవి. మేం ఇరవై నలుగురం. ప్రతి గురువారం సాయంత్రం చర్చి కింది గదిలో సాధన చేస్తాం. పగలు నేను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూచుంటాను. గురువారాలు, లోతైన స్వరాలు పలికే ఆరు బేస్ పీపాల మధ్య నిలబడతాను.

వాళ్లమ్మ కథని ఆంటీ సంగీతంగా కట్టింది. మొత్తం నలభై నిమిషాలు. పేరు 'ఎడమ చేతులు'. మొదటి ఆరు నిమిషాలూ మేమందరం కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఎడమచేత్తోనే వాయించాలి. మాలో అందరికన్నా పెద్దవాడు విల్‌మాట్ తాత మొదటిరోజు వాయించే పుల్లలు కింద పడేసి, "డెబ్భై నాలుగేళ్లొచ్చాక నాకు మళ్లీ అక్షరాభ్యాసం ఏంటమ్మాయ్?" అన్నాడు. "మా అమ్మకి ఇరవై రెండేళ్లు పట్టింది. నీకు ఏడు నెలలు ఇస్తున్నాను" అంది ఆంటీ. తాత వంగి పుల్లలు తీసుకున్నాడు.

మా ఊళ్లో పెద్ద సంగీత శాల మార్ష్‌గేట్ హాల్. ప్రతి అక్టోబరులో, నల్లవాళ్ల చరిత్ర నెల అని, వాళ్లు మమ్మల్ని పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా పిలుస్తూనే ఉన్నారు. పంతొమ్మిదేళ్లూ లాబీలోనే వాయించాం. వాళ్ల ఏడాది పుస్తకం అట్టమీద మా బొమ్మ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. తలుపు దాటి లోపలి వేదిక ఎక్కింది మాత్రం ఒక్కసారి కూడా లేదు.

అలాంటి చోటికి నిమీషా అనే అమ్మాయి ఉద్యోగానికి వచ్చింది. లెస్టర్‌లో పుట్టిన గుజరాతీ పిల్ల. సాంస్కృతిక సమానత్వం చూసే అధికారి అట. ఏడాదికే ఉద్యోగం. ఆ పిల్ల ఒక గురువారం మా కింది గదికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, నలభై నిమిషాలూ విన్నది. ఇచ్చిన టీ మీద మీగడ కట్టేసినా ముట్టుకోలేదు. అయిపోయాక, ఇది లోపలి వేదిక మీద ఉండాల్సింది అంది.

"ఆ మాట మీ పైవాళ్లు అనాలి తల్లీ" అంది ఆంటీ.

మూడు వారాలకి పైవాళ్లే అన్నారు. కార్యక్రమాలు నిర్ణయించే హిలరీ క్రాస్‌థ్‌వెయిట్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నవంబరులో శనివారం సాయంత్రం, లోపలి వేదిక, పూర్తి నలభై నిమిషాలు. ఆ గురువారం మేం సాధన చేసింది తక్కువ, కేకు తిన్నది ఎక్కువ.

హాలు చూసుకోమని పిలిస్తే నేనూ ఆంటీతో వెళ్లాను. ఖాళీ హాలు. ఆంటీ వేదిక మధ్య ఒక పాన్ పెట్టుకుని ఒకే ఒక్క స్వరం కొట్టి కళ్లు మూసుకుంది. ఆ మోత పైకి పోయి, వెనక వరసలదాకా పోయి, తిరిగొచ్చి, నెమ్మదిగా ఆరిపోయింది. నాలుగు సెకన్లు అంది ఆంటీ. మా కింది గదిలో అరసెకను కూడా నిలవదు. ఆ వారంలోనే ఆవిడ చివరి భాగం మొత్తం తిరగరాసింది. స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలు పెట్టింది. ఆ ఖాళీల్ని హాలే నింపాలి. అంటే ఇకనుంచి ఆ పాటకి ఆ గది కూడా ఒక వాయిద్యం.

కోతలు జూన్‌లో మొదలయ్యాయి. కొత్త సంగీతం అంటే జనం బెదురుతారేమో, ముందు రెండు మూడు తెలిసిన బీచి పాటలు, అంటే సముద్రపు ఒడ్డున సెలవులకొచ్చినవాళ్లు ఊగే హుషారు పాటలు, వాయిస్తే బాగుంటుందేమో అని హిలరీ రాసింది. ఆంటీ ఒక్క పాటకి ఒప్పుకుంది. ఇంటికొచ్చే బస్సులో నేను ఉండబట్టలేక, ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"బిడ్డ తల బయటపడేదాకా పురుడు పోసేది ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదు జోసీ" అంది.

జులైలో, ఎవరో పేరున్న లండన్ స్వరకర్త చేత వయొలిన్లు చేర్పిస్తే పాటకి నిండుదనం వస్తుందన్నారు. ఆంటీ మర్యాదగా వద్దంది. ఆగస్టులో, ఆ సాయంత్రాన్ని 'ప్రపంచ సంగీతం' అని మార్చాం, ఇంకో ఇద్దరు ఉంటారు, మీకు ఇరవై అయిదు నిమిషాలన్నారు. సెప్టెంబరులో సాయంత్రం కాస్తా మధ్యాహ్నమైంది. ప్రతి ఉత్తరమూ 'మేమెంతో ఉత్సాహంగా ఎదురుచూస్తున్నాం' అనే మొదలయ్యేది. ఉత్తరం వచ్చే ముందురోజు నిమీషా ఫోన్ చేసేది. చివరికి ఎలా అయిందంటే, ఆ పిల్ల నంబరు కనబడగానే ఈసారి ఏం తీసేశారో అనుకునేవాళ్లం.

పది రోజుల ముందు ఇంకో కబురొచ్చింది. విదేశం నుంచి వస్తున్న ఒక పెద్ద ఆర్కెస్ట్రా ఆదివారం కచేరీకి శనివారమంతా వేదిక మీద రిహార్సల్ చేసుకోవాలట. మమ్మల్ని లాబీలోకి మారుస్తున్నారట. ఆంటీ నన్ను వెంటేసుకుని హిలరీ గదికి వెళ్లింది. నిమీషా గోడ పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూచుంది. హిలరీ స్వయంగా టీ పోసి, బిస్కెట్లు మా వైపు జరిపింది.

"లాబీ అంటే తక్కువ అనుకోకండి అయాంథి గారూ. టికెట్ లేనివాళ్లు కూడా ఆగి చూస్తారు. మీ సంగీతం అందరిదీ కదా" అంది.

"మరి లోపల వాయించేవాళ్లది ఎవరి సంగీతం?"

హిలరీ కప్పులో చెంచా తిప్పుతూ, "అది వేరే విషయమండీ" అంది.

"నాకు రెండూ ఒకే విషయంలా కనబడుతున్నాయి. వాళ్ల రిహార్సల్ కోసం మా కచేరీ పోతోంది. మా కచేరీ కోసం ఎవరి రిహార్సల్ అయినా పోయేదా?"

హిలరీ బిస్కెట్ల పళ్లెం ఇంకాస్త మా వైపు జరిపింది. తర్వాత, తను మా పక్షమేననీ, బోర్డులో మాకోసం వాదించింది తనేననీ అంది. అది అబద్ధం కాదని నాకు తెలుసు. నిమీషా కూడా తలూపింది. ఒళ్లు మండిందంతా అక్కడే. తిట్టడానికి ఒక చెడ్డమనిషైనా దొరకలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ మా పక్షమే, మేం మాత్రం లాబీలోనే.

వెళ్లాలా వద్దా అని గురువారం బ్యాండులో గొడవ జరిగింది. నేను వద్దనే అన్నాను. కానీ అప్పటికే హడర్స్‌ఫీల్డ్ నుంచీ, బర్మింగ్‌హామ్ నుంచీ చుట్టాలు బస్సులు మాట్లాడుకున్నారు. పిల్లలు అమ్మమ్మలకి మాటిచ్చేశారు. ఆంటీ అందరి మాటా విని, వెళదాం అంది.

శనివారం మమ్మల్ని కాఫీ కౌంటర్‌కీ, పిల్లల మొహాలకి పులిచారలు వేసే బల్లకీ మధ్య నిలబెట్టారు. ఒప్పుకున్న ఒక్క బీచి పాటా వాయించాం. జనం ఊగారు. ఫోన్లు పైకి లేచాయి. తర్వాత మేం కుడి చేతులు వెనక్కి పెట్టుకున్నాం.

ఎడమ చేతుల భాగం చాలా మెల్లగా ఉంటుంది. కుట్టుమిషను దూరం నుంచి వినబడినట్టు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, కాఫీ గింజలు మర పట్టే యంత్రం బొయ్యిమంది. అది ఆగితే పాలలోకి ఆవిరి కొట్టే చప్పుడు. మధ్యమధ్యలో లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆర్కెస్ట్రా వాళ్ల వయొలిన్లు మా మీదికి వచ్చిపడేవి. ఒకాయన ఫోన్ పట్టుకుని నా పీపాల దాకా వచ్చి, ఇందాకటి లాంటి పాట ఇంకోటి రాదా అని అడిగాడు. నేను వాయిస్తున్నాను. ఆయనకి అది వాయించడంలా కనబడలేదేమో.

ఆంటీ చెయ్యి దించింది. మేం ఆగిపోయాం. ఆవిడ కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఒక్క పావుగంట ఆ యంత్రం ఆపగలవా అమ్మా అని అడిగింది. అక్కడి పిల్ల ఎదురుగా ఉన్న వరసని చూసి బిక్కమొహం వేసింది. ఇంతలో హిలరీ నవ్వుతూ వచ్చి, చాలా బాగుంది, ఆపకండి అని చెవిలో చెప్పింది.

ఆంటీ జనం వైపు తిరిగింది. "ఇది మీకు వినిపిద్దామనే వచ్చాం. ఇక్కడ వినబడదు. ఏమీ అనుకోకండి." తర్వాత మాతో, "సర్దేయండి" అంది.

ఇరవై నలుగురి పాన్లు, స్టాండ్లు, పీపాలు విప్పి వ్యాను ఎక్కించడానికి సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది. వాయించేటప్పుడు తల తిప్పనివాళ్లు కూడా అప్పుడు చుట్టూ నిలబడి చూశారు. విల్‌మాట్ తాత ఎవరి సాయమూ తీసుకోలేదు. తన పాన్ తనే మోసుకుంటూ మెట్లు దిగాడు. మా అత్త కూతురు బర్మింగ్‌హామ్ నుంచి రెండున్నర గంటలు ప్రయాణం చేసి వచ్చింది. అయిపోయిందా, ఇంకా ఉందా అని నన్ను అడిగితే ఒక స్టాండు తన చేతికిచ్చాను.

జనవరిలో నిమీషా ఆంటీ ఇంటికి వచ్చింది. ఉద్యోగం గడువు అయిపోయింది, పొడిగించలేదు. హాలు వాళ్ల ఏడాది నివేదిక పట్టుకొచ్చింది. పదిహేడో పేజీలో మేం కుడి చేతులు వెనక పెట్టుకుని నిలబడిన ఫోటో ఉంది. 'ప్రధాన కార్యక్రమాల్లో వైవిధ్యం: అనుకున్న లక్ష్యం నెరవేరింది' అని కింద అచ్చు వేశారు.

"ఆ వాక్యం నేను కొట్టేశాను ఆంటీ. మళ్లీ పెట్టారు" అంది నిమీషా. ఆంటీ ఆ పిల్లకి సూప్ పెట్టి, తాగేదాకా పక్కనే కూచుంది.

ఆ వాక్యం తీసేయమని ఆంటీ ఉత్తరం రాసింది. జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. మీ అభిప్రాయం మాకు విలువైనది, మా సమానత్వ కమిటీలో సభ్యురాలిగా చేరి మీ అనుభవం మాతో పంచుకోండి అని రాశారు. నేను నవ్వేశాను. ఆంటీ నవ్వలేదు. మడతపెట్టి సొరుగులో పెట్టుకుంది.

మార్చిలో మా దగ్గర్లోని బడి జిమ్‌లో నలభై నిమిషాలూ వాయించాం. మూడు వందల మంది వచ్చారు. కింద చాపలేసుకుని కూడా కూచున్నారు. ఎడమ చేతుల భాగంలో దగ్గు కూడా వినబడలేదు. అయ్యాక ఒక ఐర్లండ్ ముసలమ్మ కర్ర పట్టుకుని ఆంటీ దగ్గరికి వచ్చి, "అదే ఫ్యాక్టరీ. నేను కాలర్లు" అంది. అంతే చెప్పి, ఆంటీ చెయ్యి చాలాసేపు వదల్లేదు. హిలరీ రాలేదు, పూలు పంపింది. పత్రికల వాళ్లెవరూ రాలేదు. నిమీషా వచ్చింది, వెనక నిలబడి విన్నది.

కుర్చీలు మడిచేటప్పుడు అందరం గాల్లో తేలుతున్నాం. ఇదే మన హాలు ఆంటీ, ఇంక వాళ్లెందుకు మనకి అన్నాను నేను. ఆవిడ చేతిలో కుర్చీ టక్కున కింద పెట్టింది. ఇన్నేళ్లలో నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే.

"మనవాళ్ల ముందు మనం వాయించుకోవడం ఎప్పుడూ ఉంది. అది ఒకళ్లు ఇచ్చేదేం కాదు. నేనడిగింది అది కాదు జోసీ. చివరి భాగం నేను ఆ గదికోసం రాశాను. ఇక్కడ అది ఎలా చచ్చిపోయిందో నువ్వూ విన్నావు. వినలేదని చెప్పు."

విన్నాను. చప్పట్లు పెద్దగా ఉన్నాయి కదా అని విననట్టు ఊరుకున్నాను.

ఆంటీ ఆ కమిటీలో చేరింది. నేనెంత చెప్పినా వినలేదు. మూడు నెలలకోసారి ఒక మంగళవారం వెళుతుంది, తలనొప్పితో తిరిగొస్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేస్తుంది. పోయిన ఏడాది లోపలి వేదిక మీద మాలాంటివాళ్లకి ఎన్ని సాయంత్రాలు ఇచ్చారు? మొదటిసారి వివరాలు సేకరిస్తున్నామన్నారు. రెండోసారి ఆ ప్రశ్న ఎలా అడగాలో ముందు చర్చించాలన్నారు. మూడోసారి సమావేశం వివరాల్లో 'ఉపయోగకరమైన చర్చ జరిగింది' అని రాసుకున్నారు.

అక్టోబరులో లాబీకి మేం వెళ్లం అని చెప్పేశాం. బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఇంకో బ్యాండు వచ్చింది. చూద్దామని వెళ్లాను. కుర్రాళ్లు, చాలా బాగా వాయించారు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్లకి ఇది మొదటి ఏడాది.

వచ్చే సీజన్‌కి ఆంటీ మళ్లీ దరఖాస్తు పెట్టింది. లోపలి వేదిక, సాయంత్రం, నలభై నిమిషాలు. బీచి పాట లేదు. ఇంకా జవాబు రాలేదు. వచ్చే మంగళవారం కమిటీలో నాలుగోసారి అడగబోతోంది, ఈసారి నన్నూ రమ్మంది. ఆ మధ్యాహ్నానికి సెలవు పెట్టాను.