సగం ఉప్పు

వంటకు రుచి చేతిలోనే ఉంటుందని అందరూ అంటారు. ఒకే పొయ్యి, ఒకే గిన్నె, అవే దినుసులు ఇచ్చినా ఒకరు వండితే లొట్టలు వేయిస్తుందనీ, మరొకరు వండితే గొంతు దిగదనీ, అందుకు కారణం కొలతలు కావు, చేయి అనీ ఈ నమ్మకం సారాంశం. నమ్మేవారెవరూ దీన్ని పరీక్షించి చూసినట్టు లేదు. కడుపు నిండినవారికి అటువంటి ఆలోచన రావడమూ కష్టమే. కాజాలమ్మ ఇంట్లో మాత్రం, ఎవరూ తలపెట్టకుండానే, ఆ పరీక్ష జరిగింది.

సెలవురోజు పొద్దున ఆమె గిన్నె మీది మూత తీసి, ముఖం పక్కకు తిప్పి, చెవి ఒగ్గింది. ఉల్లిపాయలు ఇంకా నీరు వదులుతున్నాయి. ఆ దశలో వాటి చప్పుడు రేకు మీద సన్నని వాన పడుతున్నట్టు, ఎడతెగకుండా ఉంటుంది. నీరు ఇగిరాక ఆ వాన ఆగి, చిటపటలు విడివిడిగా వినిపించడం మొదలవుతుంది. ఒక చిటపటకూ మరొక చిటపటకూ మధ్య ఎడం పెరిగిందంటే మంట తగ్గించే సమయం వచ్చిందన్నమాట. ఆమె గరిటె పట్టుకుని ఆ ఎడం కోసం ఎదురుచూస్తోంది.

“ఇంకో రెండు కోయమంటారా అత్తయ్యా?” అన్నాడు అల్లుడు.

కిటికీ అద్దాల దుకాణంలో గాజు కోసే పని అతనిది. సెలవురోజున కూరగాయలు తరిగే పని కూడా అతనిదే. పలక మీద ఉల్లి ముక్కలు ఒకే మందాన, ఒకే వెడల్పున వరుసగా పడి ఉన్నాయి.

“చాలు బాబూ. కూరలోకే కదా, కిటికీకి బిగించడం లేదు.”

అతను నవ్వి, చాకు కడిగి, ముందు గదిలోకి వెళ్లాడు.

ఆమె పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. ఊహ తెలిసినప్పటి నుంచి దర్జీ దుకాణాలకు చొక్కాల గుండీలు పట్టే కాజాలు కుట్టిపెట్టడమే బతుకుతెరువు కావడంతో ఒళ్లు అలా కుదురుకుంది. కుడి మధ్యవేలి కొన సూదిని నెట్టి నెట్టి గవ్వలా గట్టిపడింది. వీధివారికి ఆమె అసలు పేరుతో పని పడలేదు, కాజాలమ్మ అంటే చాలు. ఆమె కుట్టిన కాజా పోగు ఊడిందని ఎవరూ తిరిగి తెచ్చిన గుర్తు లేదు. కానీ కాజా నిన్నటిదానిలా ఉంటేనే మంచి కాజా. రేపటిదీ అలాగే ఉండాలి. పగలంతా ఆ నియమానికి కట్టుబడిన చేతులకు, వంటగదిలోకి వచ్చేసరికి నిన్నటిలా ఏదీ ఉండకూడదనే పంతం పుట్టేది.

ఉల్లిపాయల్లో ఒకసారి బేరిపండు ముక్కలు వేసింది. అది నెగ్గింది. నారింజ తొక్కలు వేయించి బంగాళాదుంపల మీద చల్లింది. అది నెగ్గలేదు, పిల్లలు చాలాకాలం దాని గురించి చెప్పుకుని నవ్వారు. మరొకసారి వెల్లుల్లిని నిమ్మరసంలో నానబెట్టి వండితే రెబ్బలన్నీ నీలంగా మారాయి. ఆమె నిలువునా నీరుకారిపోయింది. ఇళ్లకు రంగులు వేసే భర్త గిన్నెలోకి తొంగి చూసి, “ఈ రంగు నా డబ్బాల్లో కూడా లేదే, ఎలా కలిపావు?” అని అడిగి, మొత్తం తిన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ నీలపు వెల్లుల్లిని తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

అయితే ఇప్పుడు ఆమె ముక్కుతో కాక చెవితో వండుతోంది. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ వాసనను పట్టుకుపోయింది. ఉల్లి, సబ్బు, మాడిన రొట్టె, కొత్త బట్ట అన్నీ ఒకటే అయ్యాయి. నాలుకకు ఉప్పు, పులుపు వంటి మోటు సంగతులు మాత్రం, అవీ అరకొరగా, మిగిలాయి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. ప్రతి జబ్బు వెనకా ఏ ప్రమాదం పొంచి ఉందో దానికి నోటికి వచ్చు. ముక్కు పనిచేయని మనిషిని గ్యాస్ పొయ్యి దగ్గరకు రానిచ్చే కూతురు కాదు. ఆ భయం న్యాయమైనదేనని ఆమెకూ తెలుసు. అందుకే పని కాగానే సిలిండర్ మీటను తిప్పి కట్టేసి, మళ్లీ వచ్చి తడిమి చూసుకునేది. వంటగది పోతే తనకు మిగిలేవి కాజాలే అన్న సంగతి మాత్రం ఎవరితోనూ పంచుకోలేదు.

అల్లుడికి తెలుసు. అతను చెప్పలేదు, ఆమే కనిపెట్టింది. జ్వరం తగ్గిన కొత్తల్లో ఒకనాడు ఆమె పాలు కాచి, బియ్యం ఉడికించి, పాయసం లాంటిదేదో తలపెట్టింది. కూతురు భోజనానికి కూర్చోబోతుండగా అల్లుడు గిన్నె ఎత్తుకుని వస్తూ మొత్తం నేలపాలు చేశాడు. “చేయి జారింది అత్తయ్యా” అన్నాడు. తుడవడానికి ఎవరినీ రానివ్వలేదు, తానే వంగి తుడిచి, గుడ్డను బయటి కుళాయి దగ్గర ఉతికి, వంటగది కిటికీ సాయంత్రం వరకు తెరిచే ఉంచాడు. నిలువెత్తు అద్దాన్ని రద్దీ వీధిలో ఒంటరిగా మోసుకుపోయే మనిషి అతను. పాలు చెడు వాసన పట్టి ఉంటాయని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా ఒక పద్ధతి ఏర్పడింది. ఆమె కూర దించి, మూత ఓరగా పెట్టి, స్నానానికి వెళుతుంది. అతను మంచినీళ్ల కోసం వంటగదిలోకి వస్తాడు. ఆమె తిరిగి వచ్చేసరికి మూత నిండుగా పెట్టి ఉంటుంది. కూరలో తక్కువైనది అప్పటికి తక్కువగా ఉండదు. ఆమె మొదట్లో తెలియక పొరపాట్లు చేసేది. తర్వాత తెలిసే ఉప్పు సగం వేయడం మొదలుపెట్టింది. ఎక్కువైన ఉప్పును ఏ అల్లుడూ తీయలేడు కదా. ఈ విషయమై వారు ఒక్క మాట కూడా అనుకోలేదు.

చిటపటల మధ్య ఎడం పెరిగింది. ఆమె మంట తగ్గించి, టమాటాలను మరో పొయ్యి మీద నేరుగా కాల్చింది. తొక్క నల్లబడి పగిలాక చేత్తో చిదిమి వేసింది. ఉడికించిన చిక్కుడు గింజను రెండు వేళ్ల మధ్య నొక్కింది. గింజ ముందు నిలిచి, తర్వాత లొంగింది. అలాగే ఉండాలి. చివరగా, పొద్దున తాగగా మిగిలిన చిక్కటి కాఫీని చెంచాడు తీసి, ఒక క్షణం ఆగి, గిన్నెలో పోసింది. కాలిన టమాటాకూ కాఫీకీ పొత్తు కుదురుతుందని ఆమె వాసన చూసి తెలుసుకోలేదు. రెండింటి వాసనలనూ జ్ఞాపకం నుంచి తీసి, తలలోనే కలిపి చూసుకుంది. సగం ఉప్పు వేసి, మూత ఓరగా పెట్టి, స్నానానికి వెళ్లింది.

మధ్యాహ్నానికి కొడుకు వచ్చాడు. ఊరికి అటు కొసన టైర్ల దుకాణంలో పని. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, “అక్కా, ఇవాళ వంట ఎవరిది? బావదైతే ఇటు నుంచి ఇటే పోతా” అన్నాడు.

“అమ్మదేలే, రా” అంది కూతురు.

“బావా, పెళ్లయినప్పటి నుంచి మా అమ్మ పక్కనే ఉన్నావు. గాలి సోకైనా కాస్త వంట అబ్బాలి కదయ్యా.”

“నాకు తరగడమే వచ్చు బావమరిదీ” అన్నాడు అల్లుడు.

కొడుకు మొదటి ముద్ద నోట పెట్టుకుని నమలడం ఆపాడు. “ఏమేశావమ్మా ఇందులో?”

“నువ్వు తిను. చెబితే తినవు.”

“అక్కా, చూశావా, ఇదీ చేయంటే. మా ఆవిడ ఇవే గింజలు, ఇవే టమాటాలు తెచ్చి చేస్తుంది. పాపం, బాగానే చేస్తుంది. కానీ ఇది రాదు.” అతను మళ్లీ వడ్డించుకుని, అసలు సంగతి అప్పుడు చెప్పాడు. “అమ్మా, సాయంత్రం బండి తెస్తాను. నెల రోజులు మా ఇంట్లో ఉండు. మా ఆవిడ గది సర్దేసింది. పని ఏమీ చెప్పదు. రోజూ ఒక్క కూర వండిపెట్టు, చాలు.”

ఆమె చేయి రొట్టె మీద ఆగింది. అల్లుడు తల ఎత్తలేదు.

“వెళ్లమ్మా, నీకూ మార్పుగా ఉంటుంది” అంది కూతురు.

“సరేలేరా” అంది ఆమె.

భోజనాలయ్యాక కొడుకు బండి కోసం వెళ్లాడు. కూతురు లోపలి గదిలో తల్లి బట్టలు సర్దుతోంది. ఆమె వంటగదిలో గిన్నెలు కడుగుతుంటే అల్లుడు వచ్చి, తుడిచి పెట్టడం మొదలుపెట్టాడు.

“ఇవాళ ఎంత వేశావు?” అంది ఆమె, కుళాయి కట్టేయకుండానే.

అతను తుడుస్తున్న పళ్లెం కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. “రెండు చిటికెలు. కాస్త నిమ్మరసం.”

“కాఫీ ఎక్కువైందా?”

“లేదు. నేనైతే దాన్ని ముట్టుకునేవాణ్నే కాదు. ఆ ఆలోచన మీకే రావాలి.”

“నిలువుటద్దాలు మోసే చేయి చెంబెడు పాలకు జారిందా ఆ రోజు?”

“జారింది కదా, మీరే చూశారు.”

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “అక్కడ ఎవరున్నారు బాబూ నాకు? మొదటి రోజే బయటపడుతుంది. వాడు మీ ఆవిడకు చెబుతాడు. ఇద్దరూ కలిసి పొయ్యికి తాళం వేస్తారు” అంది.

“రోజూ దుకాణం కట్టేశాక నేను అటు వస్తా.”

“వచ్చి?”

“మంచినీళ్లు తాగుతా.”

“మంచినీళ్ల కోసం ఊరు దాటి వచ్చే మనిషికి రోగమేమిటని అడుగుతారు.”

“అడగనివ్వండి. మీ అమ్మాయి దుకాణంలో మందు ఉంటుంది.”

ఆమె చేతులు తుడుచుకుంది. “వద్దు. సాయంత్రం వాడు రాగానే ఇద్దరికీ నేనే చెప్పేస్తా. తర్వాత మీరు ముగ్గురూ కలిసి ఏం తేలిస్తే అది. కాసేపు నడుం వాలుస్తా, కాళ్లు లాగుతున్నాయి.” సిలిండర్ దగ్గరకు వెళ్లి మీట తడిమింది. అది అప్పటికే కట్టేసి ఉంది. “నువ్వేనా?”

“నేనే.”

“రోజూనా?”

“మీరు తడిమాక నేనూ ఒకసారి చూస్తా.”

ఆమె అతని భుజం మీద చేయి వేసి, తీసి, నడిమి గదిలోకి వెళ్లి పడుకుంది.

ఎండ తగ్గాక కూతురు కాఫీ పట్టుకుని లేపడానికి వెళ్లింది. పిలిచింది. చేయి పట్టుకుని కదిపింది. తర్వాత కాఫీ గ్లాసును జాగ్రత్తగా నేల మీద పెట్టి, భర్తను పిలిచింది. గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు. కొడుకు బండి వీధి మలుపు తిరుగుతున్న చప్పుడు అప్పుడే వినిపించింది. ఆమె చెప్పదలచినది ఇప్పుడు అల్లుడొక్కడి దగ్గరే ఉంది. అతను ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం మిగిలిన కూర ఆ గందరగోళంలో పొయ్యి మీదే ఉండి పాడైంది. కూతురు దాన్ని పారబోసి, గిన్నె తోమి బోర్లించింది.

అంత్యక్రియలు అయిపోయిన మర్నాడు ఇంట్లో తినడానికి ఏమీ లేదు. అల్లుడు పొద్దున్నే లేచి ఆ గిన్నెనే తీశాడు. చిక్కుడు గింజలు ఉడికించాడు. టమాటాలు కాల్చాడు. ఉల్లిపాయల దగ్గర చాలాసేపు తల వంచి నిలబడ్డాడు. కాఫీ చెంచాడు పోశాడు. ఉప్పు సగం వేసి, మూత ఓరగా పెట్టి, ముందు గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి మంచినీళ్ల కోసం వచ్చి, మిగతా సగం వేశాడు. తానూ భార్యా తినగా మిగిలింది గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టాడు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. రెండు రోజులుగా ఏమీ తిననట్టు ముఖం పీక్కుపోయి ఉంది. ఎవరినీ పలకరించకుండా వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు. గిన్నె కనబడగానే రెండు చేతులతో తీశాడు.

“అక్కా, ఇది అమ్మ ఆ రోజు చేసిందేనా?”

కూతురు నోరు తెరిచి, భర్త వైపు చూసింది. అతను రొట్టె కోస్తున్నాడు. ముక్కలు ఒకే మందాన పడుతున్నాయి.

“తిను” అంది కూతురు. “వేడి చేసిస్తా, కూర్చో.”

కొడుకు మొదటి ముద్ద నోట పెట్టుకుని నమలడం ఆపాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

“ఇదీ మా అమ్మ చేయి” అన్నాడు. “నేర్చుకుందామని మాత్రం చూడకు బావా. ఇది నేర్చుకుంటే వచ్చేది కాదు.”

“కాదు” అన్నాడు అల్లుడు.

కూతురు లేచి మిగిలింది కూడా తమ్ముడికే వడ్డించింది. గిన్నెలో గరిటె ఒక్కటే మిగిలింది.