చెట్టుకు కాసిన పసుపు

నేను అబద్ధం రాయను. ఆర్మూర్‌లో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు, కాకపోతే మొహం కాస్త చిట్లించి చెప్తారు. కుట్టుమిషన్ మీద బతుకుతూ, తీరిక దొరికినప్పుడల్లా ‘ఆర్మూర్ కండ్లు’ అనే బ్లాగు నడుపుతున్నాను. మురుగు మోరీ పొంగితే ఫొటో పెడతాను, కరెంటు పోతే వార్త రాస్తాను, బస్సు రాకపోతే అక్కడే నిలబడి లైవ్ ఇస్తాను. చదివేవాళ్లు తక్కువే. మా ఆయన గంగాధర్ అయితే చదవకుండానే లైక్ కొడతాడు. అది ఇంకా మంట.

మాఘమాసంలో పసుపు మీద పెద్ద కథనం చేద్దామని బయల్దేరాను.

“ఊరంత పసుపే ఉన్నది, గదేం వార్తనే జ్యోతీ?” అన్నాడు మా ఆయన, చాయ్ తాగుతూ.

“నీకు జెప్తలేను, లోకానికి జెప్తున్న,” అని స్కూటీ తీశాను.

పక్క ఊరు అంకాపూర్‌లో నాటుకోడి వండి ఇచ్చే ఒక ఇంటి ముందు, అరుగు మీద కూర్చుని ఒక పిల్లగాడు వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. మొహం, మెడ, చేతులు, చెవుల వెనక కూడా పసుపే. పసుపు కొమ్ములను డ్రమ్ముల్లో వేసి తిప్పి మెరుగుపెట్టేచోట పనిచేసేవాళ్లు సాయంత్రానికి అచ్చం ఇలాగే ఉంటారు. బుగ్గ మీద నల్లటి మరక కూడా ఉంది. ఇంజన్ ఆయిల్ అయ్యుంటుంది, పాపం ఎంత కష్టమో అనుకున్నాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే లైవ్ పెట్టాను.

“బిడ్డా, డ్రమ్ము కాడికెల్లి అస్తున్నవా?”

పిల్లగాడు ఉలిక్కిపడి, నోట్లో తునక అలాగే ఉంచుకుని, “ఆఁ... ఔ పెద్దమ్మా, డ్రమ్ము కాడికెల్లే,” అన్నాడు.

పెద్దమ్మ అన్నందుకు సగం జాలి అక్కడే పోయింది. అయినా ఓర్చుకుని, “పసుపు ఎట్ల తయారైతదో జర మనోళ్లకు జెప్పు,” అన్నాను.

“గదే పెద్దమ్మా... చెట్టుకు కాస్తది గదా. పండినంక కొమ్మలు ఊపుతరు. రాలుతది.”

“చెట్టుకు కాస్తదారా?”

“పెద్ద చెట్టు,” అన్నాడు, చెయ్యి పైకెత్తి ఎత్తు కూడా చూపించాడు.

ఆర్మూర్ గాలి పీల్చిన మనిషి పసుపు చెట్టుకు కాస్తుందంటే నేనెలా ఊరుకుంటాను? తవ్వుడు, ఉడకబెట్టుడు, ఎండబెట్టుడు అన్నీ లైవ్‌లోనే అరిచి చెప్పాను. ఏ డ్రమ్ము, ఎవరి డ్రమ్ము అని గద్దించాను. బైకుకు ఇంకో కోడికూర పార్శిల్ ఎందుకు వేలాడుతోందని కూడా అడిగాను. అతను పార్శిల్ నా చేతిలో పెట్టి, “నువ్వే తినుపో పెద్దమ్మా, ఫోన్ బంద్ జెయ్,” అని బైకెక్కి పారిపోయాడు.

ఇంటికొచ్చేసరికి నా లైవ్ జిల్లా అంతా తిరుగుతోంది. రైతులు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా తిడుతున్నారు. నన్ను కాదు, అతన్ని. జన్మలో మొదటిసారి మా ఆయన నా వీడియో చివరిదాకా చూశాడు.

“గా బుగ్గ మీదిది ఇంజన్ ఆయిలా? దిష్టిచుక్క గదనే! వీడు పెండ్లికొడుకే!” అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. మాక్లూర్ నుంచి ముత్తెమ్మ అనే ముసలామె. మనవరాలు నందిని పెళ్లి తెల్లవారితే ఉంది. పిల్లగాడు ఆర్మూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే శ్రవణ్.

“పసుపు వెట్టినంక పెండ్లికొడుకు పొలిమేర దాటొద్దు. మా రెండిండ్లల్ల పందిరేసినంక నీసు ముట్టరు. గా వీడియోల ఉన్నది నేను గాదంటుండు శ్రవణ్. పసుపు పూస్తే అందరొక్క తీర్గనే ఉంటరంటుండు. సూసిందానివి నువ్వు. అచ్చి జెప్పు. వాడు గాదంటే లగ్గమైతది. వాడే అంటే పందిరి పీకిస్త.”

నిజం చెప్తే ఒక పిల్ల పెళ్లి ఆగుతుంది. అబద్ధం చెప్తే ఇన్నాళ్లు నేను నోరు పారేసుకుని సంపాదించిన పేరు పోతుంది. దారి పొడుగునా మా ఆయన స్కూటీ నడుపుతూ, “గాదని జెప్పు, పుణ్యముంటది,” అంటూనే ఉన్నాడు. నిజమే చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. అతను ఇచ్చిపోయిన పార్శిల్‌ను సాక్ష్యం కింద వెంట తెచ్చుకున్నాను.

లోపలి గదిలో ముత్తెమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన నందిని, ఆమె కూడా నెత్తి నుంచి కాళ్ల దాకా పసుపే.

“చెప్పు. వాడేనా?” అంది ముత్తెమ్మ, శ్రవణ్ ఫొటో నా ముందు పెట్టి.

అదే మొహం. నందిని నన్ను చూడటం లేదు. నా చేతిలోని సంచీనే చూస్తోంది.

“గదేంది?” అంది ముసలామె.

“సాక్ష్యం. బైకుకున్న రెండో పార్శిల్. ఎవరికని అడిగితే జెప్పకుంట ఉరికిండు.”

“నాకే!” అని నందిని ఒక్కసారిగా ఏడ్చింది. “అమ్మమ్మా, పందిరేసినప్పటిసంది పప్పే. పప్పు, మల్ల పప్పు. నా పానం వోతున్నది. నేనే తెమ్మన్న. పాపం, నా పేరు జెప్పొద్దని గా చెట్టు ముచ్చట జెప్పిండు.”

ముత్తెమ్మ సంచీ తీసుకుని మూతి విప్పింది. ఆ వాసన ఏం చెప్పను! ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. మంత్రం ఏమన్నా చదువుతోందేమోనని భయపడ్డాను.

“గిదొక్కటే తెచ్చినవా?” అంది చివరికి.

“ఔనమ్మా.”

“తలుపెయ్. నువ్వు ఫోన్ బంద్ జెయ్.”

బ్లాగు పెట్టినప్పటి నుంచి ఇంత పెద్ద వార్త నాకు దొరకలేదు. జిల్లా అంతా నా ఫోన్ వైపే చూస్తోంది. అయినా బంద్ చేశాను. ముసలామె వడ్డించడం మొదలుపెట్టింది మరి. మా ఆయన అప్పటికే చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

“పిల్ల నోరు తెర్వంగనే పొలిమేర దాటిండు. గసొంటోడు దొరుకుతడా?” అని ముత్తెమ్మ ఒక పెద్ద తునక నా ఆకులో వేసింది. నేను నోట్లో పెట్టుకున్నాక, ఏదో గుర్తొచ్చినట్టు నావైపు తిరిగింది. “గని పద్ధతి పద్ధతే. ఇప్పుడు జెప్పు బిడ్డా. గా వీడియోల ఉన్నది మా శ్రవణేనా?”

నోట్లో కోడి ఎముక ఉంది. మాట రాలేదు.

“ఆమె ఔనంటలేదు,” అని ముసలామె తనే తీర్పు చెప్పి, చెయ్యి నాక్కుంది.

పెళ్లి ఘనంగా జరిగింది. మర్నాడు ‘ఆర్మూర్ కండ్లు’ తెరిచి జనమంతా ఎదురుచూస్తుంటే, నేను ఒకే ముక్క రాశాను: “మాక్లూర్‌లో శ్రవణ్, నందినిల వివాహం వైభవంగా జరిగింది. పెళ్లివారింట పప్పు చాలా రుచిగా ఉంది.”

మా ఆయన ఈసారి పూర్తిగా చదివి మరీ లైక్ కొట్టాడు.