మా ఇంటి కోహినూరు

లోకంలో పోయిన సొత్తంతా ఎక్కడుందో మా ఆయనకు తెలుసు. కోహినూరు ఎవడి చేతిలోంచి ఎవడు కొట్టేశాడో, నెమలి సింహాసనాన్ని నాదిర్షా ఎలా ఎత్తుకుపోయాడో, యానాం అవతల సముద్రంలో మునిగిన ఓడలో ఎన్ని బంగారం పెట్టెలున్నాయో, అన్నీ నోటికొచ్చు. ఆ ఓడ సంగతి ఆయన తప్ప ఇంకెవరైనా చెప్పగా నేను వినలేదు. అమలాపురంలో బస్సు దిగితే ఏ వైపు నడవాలో మాత్రం తెలియదు, అది నేను చెప్పాలి. అయినా బాపిరాజుగారంటే మా ఊళ్లో మహా మేధావి. తాతబ్బాయి టీకొట్టులో కూర్చుని, స్టీలు కళ్ళజోడు డబ్బాతో బల్ల మీద టకటకా కొడుతూ, "తెల్లోడు మనింటికొచ్చి, మన సొమ్మట్టుకుపోయి, పైగా మాదేనంటన్నాడండీ! సిగ్గుందాండీ ఆళ్లకి?" అనేవారు. వినేవాళ్లు "ఆయ్, ఆయ్" అని తలలూపేవారు.

తొంభై ఆరులో మా అత్తగారు పోయారు. పోయేముందు మా ఇద్దరినీ మంచం దగ్గరికి పిలిచి, తన కాసులపేరు కూతురు పద్మావతికి ఇమ్మని చెప్పారు. "అలాగేనమ్మా" అని ఈయన తల్లి చేతిలో చెయ్యి వేశారు కూడా. దినవారాలయ్యాయి. రాజోలు నుంచి పద్మావతి వచ్చి నగ తీసుకువెళతానన్న రోజు పొద్దున్నే బీరువా తెరిచి, "కొంప మునిగిపోయింది కామాక్షీ! దొంగలు పడ్డారే!" అని కేకలు పెట్టారు.

బీరువాలో నా గాజులున్నాయి. వెండి కంచాలున్నాయి. ఒక్క కాసులపేరే లేదు. ఎంత మర్యాదస్తుడైన దొంగో చూడండి, ఆడపడుచు వాటా మాత్రమే పట్టుకెళ్లాడు!

దొంగెవరో తేల్చడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. ముందురోజు మా దొడ్లో కొబ్బరికాయల దింపు తీసినవాడు నతానియేలు. ఏళ్ల తరబడి మా చెట్లెక్కుతున్న మనిషి. దాహమేసి మంచినీళ్ల కోసం వంటింటి గుమ్మం దాకా వచ్చాడు, అదీ అతని నేరం. "చెట్టెక్కేవోడికి కిటికీ ఎక్కడం ఎంతండీ?" అన్నారు మా ఆయన. అతను కాదని నేను మొత్తుకున్నాను. "నీకేం తెలుసే, నోర్ముయ్" అన్నారు. పోలీసులు నతానియేలును తీసుకెళ్లి, కొట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. కానీ దొంగ అన్న పేరు వదల్లేదు. ఊళ్లో అందరూ అతన్ని దింపుకు పిలవడం మానేశారు.

అతని భార్య లీలావతి మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "అమ్మగారండీ, మీ ఇంట్లో ఒక్క కాయన్నా అడక్కుండా ముట్టుకున్నాడాండి ఎప్పుడన్నా? సర్చిలో కూడా మా పక్కన కూచోటం లేదండి ఎవరూ."

"నీ మొగుడు తియ్యలేదని నాకు తెలుసే" అన్నాను. నాకు తెలిస్తే సరిపోతుందా? రుజువేదీ? ఒళ్లు మండిపోయింది నాకు.

ఆ దొంగతనం రోజు నుంచి మా ఆయన కళ్ళజోడును రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. "డబ్బా ఏదండీ?" అని అడిగాను. "పోయింది. బంగారం పోయి నేనేడుస్తుంటే డబ్బా గోలేంటే నీకు?" అని కసురుకున్నారు. డబ్బాల కోసం తిరిగే దొంగ ఎవడమ్మా అనుకున్నాను.

నవంబరులో తుపాను వచ్చింది. ఆ తుపాను సంగతి కోనసీమవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి వంటింటి పెంకులు లేచిపోయాయి. దొడ్లో చెట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. స్టూలేసుకుంటే నా చేతికి కూడా అందే గంగాబొండం పొట్టి కొబ్బరిచెట్టుకు మొండెమే మిగిలింది, తల ఎటు ఎగిరిపోయిందో తెలియదు. ఆ మొండెం పక్కన మా ఆయన నిలబడ్డ తీరు చూడాలి! తల్లి పోయినప్పుడు కూడా అలా నిలబడలేదు.

నేను గుప్పెడు పొడి బియ్యం కోసం వెతుక్కుంటుంటే, ఆయన పంచె ఎగగట్టి, పడిన చెట్ల తలల్లోని మొవ్వులన్నీ కెలుకుతున్నారు. "ఏం వెతుకుతున్నారండీ?" అంటే, "చెట్లు బతుకుతాయేమోనని చూస్తన్నానే" అన్నారు. వేళ్లతో సహా లేచిపోయిన చెట్లు! అంతటితో ఆగారా? సొంత ఖర్చుతో కూలీలను పెట్టి మా దొడ్డే కాదు, పక్క దొడ్లలోనూ కాలవలోనూ పడ్డ చెట్లు కూడా తీయిస్తానన్నారు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి! "ధర్మాత్ములండీ బాపిరాజుగారు" అని ఊరంతా దణ్ణాలు పెట్టింది.

అన్ని ఊళ్లలోనూ చెట్లు పడ్డాయేమో, గొడ్డలి పట్టేవాళ్లు దొరకలేదు. చివరికి దొంగ అన్నవాడికే కబురు పెట్టారు. పస్తులున్న మనిషి, నతానియేలు రాక ఏం చేస్తాడు?

కాలవ గట్టున చెత్తలో కూరుకుపోయిన ఒక మొవ్వును నరుకుతూ, "రాజుగారండీ! ఇదేంటోనండి!" అని కేకేశాడు. మట్టల సందులోంచి ప్లాస్టిక్ సంచి తీసి అందరి ఎదురుగా విప్పాడు. లోపల మూత పడక తాడుతో బిగించిన స్టీలు డబ్బా. సందులోంచి కాసులు మెరుస్తున్నాయి.

మా ఆయన మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే తేరుకున్నారు. "చూసేరా! చెట్టు తలలో దాచేడు! చెట్టెక్కేవోడు తప్ప ఇంకెవడు దాస్తాడండీ అక్కడ? దేవుడే తుపాను పంపి దొంగని పట్టించేడు!"

"నేనే దాస్తే, నేనే పిలిచి చూపిత్తానాండి?" అన్నాడు నతానియేలు. ఎవరు వింటారు? అప్పటికే ఇద్దరు అతని చొక్కా పట్టుకున్నారు.

నేను జనంలోకి తోసుకువెళ్లి డబ్బా లాక్కున్నాను. మూత మీద సొట్ట నేను పడేసినప్పటిదే. దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, పక్కనున్న చెట్టు మొద్దు మీద టకటకా కొట్టాను. జనంలో ఉన్న టీకొట్టు తాతబ్బాయి మొహం ఎత్తి చూశాడు. ఆ చప్పుడు అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

"నతానియేలూ, నువ్వు కళ్ళజోడు ఎప్పట్నుంచి పెట్టుకుంటున్నావయ్యా?"

"నాకు కళ్ళజోడేంటండి అమ్మగారూ!"

నేను మా ఆయన జేబులోంచి రుమాలు మూట లాగి, కళ్ళజోడు తీసి ఆయన చేతిలో పెట్టాను. "పెట్టుకోండి. మీ డబ్బా దొరికింది. దొంగ కూడా కనబడతాడేమో చూడండి."

చొక్కా పట్టుకున్న చేతులు వదిలేశాయి. ఆ రోజే ఆయన్ను స్టేషనుకు తీసుకెళ్లి, నతానియేలు దగ్గరుండగా, ఎస్సైగారి ముందు ఆయన నోటితోనే నిజం చెప్పించాను. రాజోలు వెళ్లి కాసులపేరు నా చేత్తోనే పద్మావతి మెడలో వేశాను.

తుపానుకు నిలబడ్డ చెట్లు కొన్ని ఇంకా ఉన్నాయి మాకు. కాయలు ముదిరాక దింపు తియ్యమని మా ఆయన కబురు పెట్టారు. నతానియేలు గేటు బయటే ఆగిపోయాడు.

"వద్దండి రాజుగారూ. మీ చెట్టెక్కితే, దిగేసరికి నాకు ఏం పేరు పెడతారోనండి."

మిగతా దింపువాళ్లు కూడా రామన్నారు. కాయలు వాటంతట అవే ధడేల్ ధడేల్‌మని రాలుతున్నాయి. లోకంలోని నిధులన్నీ తెలిసిన మా ఆయన దొడ్లోకి వెళ్లాలంటే గంగాళం మీది ఇత్తడి మూత నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, పైకి చూసుకుంటూ వెళతారు.

"కిరీటం బాగుందండీ" అంటాను నేను అరుగు మీదినుంచి.