మేకు మీది టోపీ

ఉనాయిసి పరుపుల్ని చేతి వెనకవైపుతో తడిమి చూస్తుంది. అరచేతులు సబ్బుకు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. తడికీ ఉత్త చల్లదనానికీ తేడా ఇప్పుడు చేతి వెనక్కే తెలుస్తుంది. పిల్లలు మొహాలు కడుక్కోవడానికి పోగానే ఆడపిల్లల గదిలో మొదలుపెట్టి, మగపిల్లల గదిలో చివరి మంచం దాకా ముప్ఫై ఒక్క పరుపులు. ఆ పొద్దున నాలుగు తడిసి ఉన్నాయి. తలుపు పక్కన తోరికా పరుపు పొడిగా ఉంది. ఆ పిల్ల పక్క తడపడం మాని పదమూడు నెలలు దాటింది.

నాలుగంటే మామూలు రోజు. రాకిరాకి ఊరి దగ్గర గుట్ట మీది ఆ అనాథ పిల్లల ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా బట్టలుతుకుతున్న ఉనాయిసికి లెక్కంతా దుప్పట్లలోనే. పై దేశాల నుంచి వాలంటీర్లు వస్తారు, రెండు వారాలుంటారు. మొదటి రోజే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటారు. పదో రోజుకి మళ్ళీ వస్తామని మాటిస్తారు. పద్నాలుగో రోజు పిల్లలు దండలు వేసి పాట పాడతారు, వ్యాను వెళ్ళిపోతుంది. మర్నాటి నుంచి పన్నెండు దుప్పట్లు, పదమూడు దుప్పట్లు. వారం పది రోజులకు గాని అవి మళ్ళీ నాలుక్కి దిగవు. ఎవరు పిల్లల్ని ఎంత బాగా ఆడించారో ఆఫీసు గోడ మీది ఫొటోలు చెబుతాయి. అందుకు ఎంత ఖర్చయిందో ఉనాయిసి దండెం చెబుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని ఆమె ఎప్పుడూ అనలేదు. కొలత తెలియనివాళ్ళనేది, అంతే.

కెల్విన్ వెళ్ళినప్పుడు మాత్రం నాలుగు నాలుగుగానే ఉండేది.

అతను న్యూజిలాండ్‌లో ఒక ఉన్ని గోదాములో ముప్ఫై నాలుగేళ్ళు ఉన్నిని వేళ్ళతో నలిపి రకాలు వేరుచేసిన మనిషి. తొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు పిల్లలతో ఏం ఆడాలో తెలియక రెండు రోజులు వరండాలో నిలబడ్డాడు. మూడో రోజు తొట్ల దగ్గరికి వచ్చి, ఉనాయిసి పిండుతున్న దుప్పటికి రెండో కొస పట్టుకున్నాడు. అప్పటి నుంచి ఏటా జూన్‌లో, చెరకు కోతల వేళకు వచ్చి, ఆరు వారాలు ఆ కొసే పట్టుకునేవాడు. ఆఫీసు గోడ మీద అతని ఫొటో ఒక్కటీ లేదు. వెళ్ళే రోజు తన ఖాకీ గుడ్డ టోపీ తీసి తొట్ల పక్క రాటకున్న మేకుకు తగిలించేవాడు. "ఇది నాది. వచ్చి తీసుకుంటా," అనేవాడు. వచ్చి తీసుకునేవాడు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది ఇంటి కప్పు రేకులన్నీ చెరకు తోటల్లోకి ఎగిరిపోతుంటే, ఉనాయిసి ఆ టోపీని అన్నం డేగిసాలో పెట్టి మూతకు తాడు కట్టింది. అది టోపీ మీద ప్రేమ కాదని, దుప్పట్ల లెక్కేనని తనకు తాను చెప్పుకుంది.

ఈసారి అతను బాగా చిక్కిపోయి వచ్చాడు. బెల్టుకు కొత్తగా మూడు రంధ్రాలు పొడిచి ఉన్నాయి. ఆరు వారాలూ ఉనాయిసి ఏమీ అడగలేదు. ఇవాళ అతను వెళ్ళే రోజు.

"దిండు గలీబులు నీవి. దుప్పట్లు నావి," అంది, బుట్ట అతని ముందుకు తోస్తూ.

"నన్ను చంటిపిల్లాణ్ణి చేసేశావే."

"చంటిపిల్లాడికి ఇంకాస్త ఒళ్ళుంటుంది ముసలాయనా. గాలొస్తే నిన్ను కూడా క్లిప్పు పెట్టి బిగించాలి."

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మా డాక్టరమ్మ చెప్పేసింది ఉనాయిసీ. నాకు మళ్ళీ జూన్ లేదంది."

ఉనాయిసి అప్పటికే పిండిన గలీబును మళ్ళీ పిండింది.

"మధ్యాహ్నం మూడింటికి వ్యాను," అన్నాడతను. "టోపీ ఎప్పట్లాగే తగిలించి పోతా. నువ్వేం అనకు. తోరికా రోజూ దాన్నే చూస్తుంది కదా. చూస్తూ చూస్తూ పెద్దదవుతుంది. మెల్లిగా మర్చిపోతుంది."

ఉనాయిసి మరో దుప్పటి తొట్టి అంచు మీదికి లాగింది. సబ్బు కడ్డీ తీసుకుని రుద్దసాగింది.

తోరికా రెండేళ్ళ కిందట, ఐదేళ్ళప్పుడు వచ్చింది. వచ్చిన కొత్తలో మంచం కింద పడుకునేది. ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ జులైలో కెల్విన్ టోపీ తగిలించి వెళ్ళడం చూసింది. ఏడాది పొడుగునా రోజూ పక్క తడిపింది, రోజూ వచ్చి టోపీ ఉందో లేదో చూసుకుపోయింది. పోయిన జూన్‌లో అతను వచ్చి టోపీ అందుకుని నెత్తిన పెట్టుకున్న వారం నుంచి ఆమె దుప్పటి పొడిగా ఉంటోంది. ఉనాయిసి ఇరవై ఆరేళ్ళ లెక్కలో అంత గట్టి లాభం ఇంకొకటి లేదు. అది పోతుందేమోనని ఆమె భయం. టోపీ ఉంటే కొన్నాళ్ళు నిలుస్తుంది, ఒప్పుకోవలసిందే. ఆ తర్వాత?

ఆ తర్వాత సంగతి ఆమెకు తెలుసు. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు తన నాలుగేళ్ళ కూతుర్ని కొండమీది ఊళ్ళో తల్లి దగ్గర ఉంచింది. వచ్చేటప్పుడల్లా శుక్రవారం వస్తానని చెప్పేది. నాలుగు శుక్రవారాల్లో మూడుసార్లు బస్సుండేది కాదు, లేదా సెలవుండేది కాదు. పిల్ల చీకటిపడేదాకా దారి పక్కన కూర్చునేదట. ఒక శుక్రవారం నుంచి కూర్చోవడం మానేసింది. ఇప్పుడామెకు ముప్ఫై ఏళ్ళు, లౌటోకా పట్నంలో ఉంటోంది. ఉనాయిసి వెళితే కొత్త చాప పరుస్తుంది, మంచి కప్పులో టీ ఇస్తుంది. పక్కింటివాళ్ళు వస్తే ఇచ్చే కప్పు అది. ఇంట్లోవాళ్ళ కప్పులు వేరే మేకులకు వేలాడుతుంటాయి.

పదకొండింటికి, ఆరేయడం అయ్యాక, ఆమె నోరు తెరిచింది.

"తగిలించకు."

"పిల్ల ఏడుస్తుంది ఉనాయిసీ."

"ఏడవనీ. నువ్వుండగా ఏడిస్తే నువ్వు చూస్తావు. నువ్వు పోయాక ఏడిస్తే ఎవడొచ్చి చెబుతాడు దానికి? ప్రతి జూన్‌లోనూ వ్యాను చప్పుడైతే పరిగెత్తుతుంది. నేను చూడాలి అదంతా."

"నాకు చెప్పడం చేతకాదే."

"తొమ్మిదేళ్ళు నా కొస పట్టుకున్నావుగా. ఇది కూడా పట్టుకో."

మధ్యాహ్నం కర్రపెండలం, కొబ్బరిపాలల్లో ఉడికించిన డబ్బా చేప. కెల్విన్ రెండు ముక్కలు తిని పళ్ళెం పక్కన పెట్టాడు. తర్వాత దండెం దగ్గరికి వెళ్ళాడు. ఎండిన దుప్పట్లు తీసేటప్పుడు క్లిప్పులు అందుకునే పని తోరికాది. ఉనాయిసి ఇంకో తీగ దగ్గర, దుప్పటికి ఇవతల ఉంది. ఆమెకు కనబడేది దుప్పటి కింద కాళ్ళే. అతని నల్లబూట్లు. ఎదురుగా నీలం పట్టీల రబ్బరు చెప్పులు.

"ఈసారి టోపీ నాతో తీసుకుపోతున్నా," అన్నాడతను.

"ఎందుకు?"

"మళ్ళీ రాలేను గనక. ఒంట్లో బాగాలేదు."

"తగ్గాక రా."

"తగ్గేది కాదమ్మా ఇది."

నీలం చెప్పులు కదల్లేదు. ఒక క్లిప్పు నేల మీద పడింది.

"టోపీ ఇక్కడుంటే రావాలిగా తాతా?"

"వచ్చే ఓపిక ఉన్నప్పుడే పెట్టేవాణ్ణి. ఇప్పుడు పెడితే అబద్ధం."

చెరకు బళ్ళ రైలు గుట్ట కింద నుంచి పోయింది. నీలం చెప్పులు వెనక్కి తిరిగి, మెల్లగా నడిచి, దుప్పటి అంచు దాటి వెళ్ళిపోయాయి.

మూడింటికి పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. కెల్విన్ టోపీ నెత్తిన పెట్టుకుని వ్యాను ఎక్కాడు. మేకు వైపు చూడలేదు. ఉనాయిసి కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని చొక్కా కాలరు సరిచేసింది, అంతకన్నా ఏం చేయాలో తోచక. వరసలో తోరికా లేదు. వ్యాను ఎర్రమట్టి లేపుకుంటూ దిగిపోయింది. నేనే చెడగొట్టానా అనుకుంది ఉనాయిసి.

తోరికా తొట్ల దగ్గర ఉంది. ఒక కాలికే చెప్పుంది.

"రెండోదేదే?"

"తాత సంచీలో పెట్టా."

"ఎందుకు?"

"తాత రాలేడుగా. పెద్దయ్యాక నేనెళ్ళి తెచ్చుకుంటా."

ఆ ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్క జతే, చెప్పుల మీద అంకెలుంటాయి. జత పోతే మళ్ళీ క్రిస్మస్‌కే. ఇంకెవరైనా అయితే ఉనాయిసి వీపు మీద ఒక్కటి వేసి ఉండేది. ఆమె నోట్లోకి వచ్చిన తిట్లు అక్కడే ఆగిపోయాయి. తోరికా కాలి చెప్పు విప్పి మేకు వైపు పైకెత్తింది. "నాకందదు అత్తా," అంది. ఉనాయిసి అందుకుంది.

మర్నాటి పొద్దున ఐదు దుప్పట్లు. ఐదోది తోరికాది.

ఉనాయిసి దాన్నే ముందు ఉతికింది. పిండడానికి ఎత్తితే రెండో కొస నేల మీదికి జారింది. ఉత్తకాళ్ళతో వచ్చిన తోరికా ఆ కొస ఎత్తి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఏ వైపు తిప్పాలో తెలియక ఆమె చేతుల్నే చూస్తూ నిలబడింది.

"కుడివైపు," అంది ఉనాయిసి.

నీళ్ళు కారాయి. వాళ్ళ వెనక రాట మీది మేకుకు, నీలం పట్టీ చెప్పు ఎడమకాలిది ఒక్కటి, మడమ దగ్గర పలచగా అరిగి, గాలికి అటూ ఇటూ తిరుగుతూ ఉంది.