పొట్టి గేరు రాడ్

తోడల్లుడు తన కారుకి ఇంట్లోనే పొట్టి గేరు రాడ్ చేసి బిగించుకున్నాడని తెలిసినప్పటి నుంచి పెద్దల్లుడికి అన్నం సయించడం లేదు. అది చాలదన్నట్టు మామగారు ఆ కారెక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, "మణికట్టు అలా కదిపితే చాలమ్మా, గేరు పడిపోతోంది! ఎంత పనిమంతుడు!" అని కూతుళ్ళిద్దరి ముందూ చిన్నల్లుణ్ణి ఆకాశానికెత్తేశాడు.

"అదేం బ్రహ్మవిద్యా?" అనుకున్నాడు పెద్దల్లుడు. ఆదివారం పొద్దున్నే తన కారు గేరు రాడ్ మీది గుండు విప్పి పక్కన పెట్టి, రాడ్‌ని పైనుంచి నాలుగు వేళ్ళ మేర రంపంతో కోసి పారేశాడు. తీరా గుండు బిగించబోతే అది ఎక్కనే ఎక్కదు. మరలన్నీ కోసేసిన ముక్క మీదే ఉండిపోయాయి.

"మా చెల్లెలి మొగుణ్ణి ఒక్కమాట అడిగితే పోయేది కదా" అంది భార్య.

"నేనా? వాణ్ణి అడగడమా?"

అంతలో గేటు చప్పుడైంది. గుడ్డలో చుట్టిన రాడ్ పట్టుకుని తోడల్లుడే వచ్చాడు.

"అన్నయ్యా, మనిద్దరివీ ఒకే రకం కార్లు కదా, నాది చేసినప్పుడే మీకూ ఒకటి చేశాను. పైన మరీ కోస్తే గుండు చేతికందదు, అందుకే పైన కొంచెమే తగ్గించి, రాడ్ ఊగే కీలు కింద పొడవు పెంచాను. మీరడుగుతారేమోనని ఇన్నాళ్ళూ చూశా."

పెద్దల్లుడు కోసిన ముక్కని చెప్పు కింద దాచి, నవ్వలేక నవ్వాడు. ఇన్నాళ్ళూ వీడి పనితనం చూసి ఏడిస్తే సరిపోయేది. ఇక మంచితనం చూసి కూడా ఏడవాలి.