హలో అక్క

ఎవరూ ఎత్తని ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆమె రిసీవరు దించకుండా మళ్ళీ అదే నంబరు నొక్కింది. మనిషి దూరంగా ఉన్నప్పుడు మోగే మోత ఒకటి. మనిషి చేతిలోనే పెట్టుకుని, ఎవరో చూసుకుని, బోర్లా తిప్పేసినప్పుడు మోగే మోత మరొకటి. చెవికి రెండూ ఒక్కటే. అయినా ఆమెకు తేడా తెలుస్తుంది. అటువైపు ఉన్నది రెండో మోత అని ఆమెకు వారం నుంచి తెలుసు.

"సరే బాబూ, సాయంత్రం ఎక్కడికి పోతావు?" అని రిసీవరుతోనే అని, పెట్టేసింది.

కాలేజీ మెట్ల కింద, వాలు కప్పుకు తల తగలకుండా వంగి వెళ్ళాల్సిన గది అది. బల్ల, కుర్చీ, ఫోను. తలుపు మీద పూర్వ విద్యార్థుల విభాగం అని బోర్డు. పేరు పెద్దదే గాని విభాగమంతా ఆమె ఒక్కతే. చదువు ముగించి ఉద్యోగాలు చేసుకుంటున్న పాత విద్యార్థులకు ఫోను చేయడం, ఇంకా ఉద్యోగం దొరకని పిల్లలను వాళ్ళ ముందు కూర్చోబెట్టడం ఆమె పని. విరాళం అడగదు, సిఫారసు అడగదు. "మా పిల్ల ఒకతె ఉంది. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడు. పనికొస్తే తీసుకో, రాకపోతే ఎందుకు రాదో చెప్పు," అంతే. అలా ఉద్యోగం దొరికినవాళ్ళు స్వీటు పెట్టె పట్టుకుని వస్తే పెట్టె వెనక్కి తోసి, ఒక్క మాట తీసుకునేది. "ఈ నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తాలి."

'హలో' అంటూనే కనిపిస్తుందని ఏనాటి విద్యార్థులో హలో అక్క అని పేరు పెట్టారు. వాళ్ళకు ఆమె నిజంగా అక్క ఈడుది. ఇప్పటివాళ్ళకు తల్లి ఈడుది. అయినా పేరు అక్క దగ్గరే ఆగిపోయింది.

ఆమె కూడా ఈ కాలేజీలోనే చదివిందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. చదువు అయిన ఏడాది ఒక పెద్ద సంస్థలో ఉన్న పాత విద్యార్థి ఆమెతో చాలా బాగా మాట్లాడి, "ఫోన్ చేస్తానమ్మా," అన్నాడు. ఆ ఫోను వచ్చేదాకా అని ఈ కుర్చీలో కూర్చుంది. ఆయన చెడ్డవాడు కాడు. మరిచిపోయాడు. మరిచిపోవడం తప్పేమీ కాదని ఆమె చాలాకాలం తనకు తాను నచ్చజెప్పుకుంది. తరువాత ఒకరోజు, తన ఫోను ఎత్తని ఒక గొంతు కోసం ఎదురుచూస్తూ, అర్థం చేసుకుంది. తాము మరిచిపోతే నష్టం ఎదుటివాడిదైనప్పుడు మాత్రమే మనుషులు ఇంత హాయిగా మరిచిపోతారు. ఆనాటి నుంచి ఆమె కడుపులో ఒక నిప్పుకణిక ఉంది. దాని మీదే ఇన్నేళ్ళూ వంట చేసింది.

"నీ శిష్యులంతా ఏరు దాటి తెప్ప తగలేసే రకం," అంటాడు దర్జీ అయిన ఆమె భర్త. పొద్దున కూడా సూదిలో దారం ఎక్కిస్తూ అదే అన్నాడు.

"తగలేస్తే మళ్ళీ కట్టిస్తా. వాళ్ళ చేతే," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

"కట్టిస్తావు. నిద్రలో కూడా నాకు హలో చెప్పే మనిషివి, ఏదైనా చేస్తావు."

ఇవాళ సాయంత్రం పాత విద్యార్థుల వార్షిక సమావేశం. ముఖ్య అతిథి యంత్రపరికరాల కంపెనీలో ఉద్యోగులను ఎంపిక చేసే మేనేజరు. వారం నుంచి ఫోను ఎత్తనిది ఆయనే. ఒకప్పుడు ఆయన ఇంటర్వ్యూ గదిలో తన పేరు తాను చెప్పలేకపోయేవాడు. మొదటి అక్షరం దగ్గరే నాలుక ముడిపడేది. ఆమె అతన్ని పక్క గదిలోని ఎక్స్‌టెన్షన్ ఫోను దగ్గర కూర్చోబెట్టి, రోజూ మధ్యాహ్నం తన బల్ల మీది నుంచి ఫోను చేసేది. "హలో, ఎవరండీ?" అని అడిగి, ఆ పేరు పూర్తిగా బయటికి వచ్చేదాకా చెవి దగ్గర రిసీవరు పట్టుకుని ఊరుకునేది. ఒక్కనాడూ మధ్యలో అందించలేదు.

అలాంటివాడి దగ్గర ఇప్పుడు ఆమెకొక పని ఉంది. పోయినేడు చదువు ముగించిన ఒక అమ్మాయి బట్టల కొట్లో మడతలు పెట్టి బతుకుతోంది. యంత్రాల బొమ్మలు గీయడంలో ఆ చేతికి ఎదురులేదని పాఠం చెప్పినవాళ్ళంతా అంటారు. కంపెనీ మాత్రం చదువు ముగిసిన ఏడాదిలోపు వాళ్ళనే తీసుకుంటుంది. ఆ ఏడాది ఈ వారంతో సరి. తరువాత ఆ అమ్మాయి ఆ గుమ్మం ముందు నిలబడినా లోపలికి రానివ్వరు. అందుకే సాయంత్రం మేనేజరు బల్ల దగ్గర, ఆయన పక్క కుర్చీ ఆ అమ్మాయికి కేటాయించింది.

ఈ సమావేశానికి ఆమె పెట్టిన ఆచారం ఒకటుంది. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు నీలం చొక్కా వేసుకుని రావాలి. పాతవాళ్ళు ఎవరితో మాట్లాడాలో వెతుక్కునే పని ఉండదని. మొదట్లో అది పనిచేసేది. "ఏరా నీలం, ఇలా రా, కూర్చో," అని భుజం మీద చెయ్యేసి పక్కకు లాక్కునేవారు.

సాయంత్రం హాలు తలుపు దగ్గర వ్యాను దిగినవాళ్ళను చూసి ఆమె నిలబడిపోయింది. ఈసారి భోజనాలకు కుదిర్చిన కొత్త కంపెనీ మనుషులు నీలం చొక్కాల్లో ఉన్నారు. అదే నీలం. అదే కాలరు. పరుగున వెళ్ళి కాలేజీ డైరెక్టరును పట్టుకుంది. హోటళ్ళ వ్యాపారంలో నుంచి కొత్తగా వచ్చినవాడు. ఎప్పుడూ నవ్వుముఖమే.

"సార్, వడ్డించేవాళ్ళ చొక్కాలు మార్చమనండి. మన పిల్లలు కలిసిపోతారు."

ఆయన హాలు వైపు చూసి నవ్వాడు. "భలే కలిసొచ్చిందండీ! వడ్డించేవాళ్ళు నలుగురు తక్కువొచ్చారు. మనవాళ్ళను కూడా కాస్త చెయ్యి వేయమనండి. పెద్దవాళ్ళతో పరిచయమూ అవుతుంది."

"కప్పులందిస్తే పరిచయం ఎలా అవుతుంది సార్?"

"అబ్బా, మీరు ప్రతిదానికీ ఇలా..." అంటూ ఆయన మైకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పటికే అతిథులు లోపలికి వచ్చేస్తున్నారు. మేనేజరు పక్క కుర్చీలో ఎవరో పాత మిత్రుడు కూర్చుని తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. అమ్మాయి నీలం చొక్కాలో బల్ల పక్కన నిలబడి ఉంది. ఇంటి దగ్గర అద్దం ముందు అనుకుని వచ్చిన మాటలు పెదవుల మీద కదులుతున్నాయి. చివరికి గుక్క తిప్పుకుని, కుడిచెయ్యి చాచింది.

"గుడ్ ఈవెనింగ్ సర్. నేను..."

మేనేజరు మిత్రుడి వైపు నుంచి తల తిప్పలేదు. చాచిన చేతిలో ఖాళీ కప్పు పెట్టాడు.

"చక్కెర తగ్గించి ఇంకోటి."

అమ్మాయి కప్పు వైపు చూసింది. ఆ తరువాత కాఫీ పెట్టిన మూల వైపు నడిచింది. కప్పు పెట్టినందుకు కాదు, ఆ పిల్ల అంత సులువుగా నడిచినందుకు హలో అక్కకు ఒళ్ళు మండింది. ఏడాదిపాటు కొట్టు యజమాని గొంతుకు అలవాటుపడిన కాళ్ళవి. ఆమె దారికి అడ్డంగా వెళ్ళి, కప్పు తీసుకుని, అమ్మాయి మణికట్టు పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. కప్పును మేనేజరు ముందు టక్కున పెట్టింది.

"ఇది మీది."

"అరే, హలో అక్కా! మీరేం మారలేదు!"

"మీరు మారారు. ఈ పిల్ల చెయ్యి చాచింది. ఎందుకనుకున్నారు?"

ఆయన అమ్మాయి చొక్కా చూశాడు, తన కప్పు చూశాడు. "అయ్యో... వడ్డించే అమ్మాయి అనుకున్నా."

"అయితే? వడ్డించే అమ్మాయికి ముఖం ఉండదా?"

పక్కనున్న మిత్రుడు తేలిక చేయబోయాడు. "పోనీలే అక్కా, కాఫీ కప్పు మీద పంచాయితీ ఎందుకు?"

"నువ్వు నోర్ముయ్. నిన్ను మూడు కంపెనీలు గెంటేస్తే నాలుగోదానికి బతిమాలింది నేనే. ముందు ఆ కుర్చీ లే. అది ఈ పిల్లది."

చుట్టూ నవ్వు లేచి, సగంలోనే ఆగిపోయింది. మిత్రుడు లేచాడు.

"రేపు ఆఫీసుకు పంపించండక్కా, చూద్దాం," అన్నాడు మేనేజరు మెల్లగా.

"మీ రేపు నాకొద్దు. వారం నుంచి మోగుతోంది నా ఫోను. ఇప్పుడే అడగండి. ఇక్కడే."

మేనేజరు ముఖం ఎర్రబడింది. "నే... నే... నే..."

నాలుక ముడిపడింది. హాలంతా చూస్తోంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. కోపం అలాగే ఉంది. అయినా ఆ మాటను తాను అందించలేదు, తొందరపెట్టలేదు, చూపు తిప్పుకోలేదు. అది ఎంతసేపటికైనా వస్తుందని ఆమెకు తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు.

"నేను... చూడలేదక్కా," అన్నాడు చివరికి. తల దించుకుని, కుర్చీ వెనక్కి లాగాడు. "కూర్చో అమ్మా."

అమ్మాయి కదలలేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయిగాని, గొంతు గట్టిగానే ఉంది. "వద్దక్కా. ఈయన జాలి నాకొద్దు."

"జాలెవరు పడుతున్నారే? ఈయనకూ ఒకరు కుర్చీ లాగారు. ఇప్పుడు ఈయన వంతు. రేపు నీ వంతు. కూర్చుని నీకొచ్చింది చెప్పు. రాకపోతే లేచి రా, నేనే తిడతా."

అమ్మాయి కూర్చుంది. మేనేజరు మొదటి ప్రశ్న అడిగాడు. హలో అక్క ఇక అక్కడ ఆగలేదు.

డైరెక్టరు వరండాలో కాచుకుని ఉన్నాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉంది.

"ముఖ్య అతిథిని అందరి ముందూ అంత మాటంటారా? ఎలాగూ చెబుదామనే అనుకున్నా. కొత్త యాప్ తెస్తున్నాం. ఫోన్లతో పని లేదు. మీరు విశ్రాంతి తీసుకోండి. రేపటి నుంచి రానక్కర్లేదు."

"మీ యాప్‌కు వాళ్ళు బదులివ్వకపోతే ఎవరు తిడతారు?"

"ఎవరూ ఎవర్నీ తిట్టక్కర్లేదు. అదేనండీ దాని గొప్పతనం."

"అందుకే ఎవరూ బదులివ్వరు," అని ఆమె మెట్లు దిగింది.

కిటికీ అద్దంలో నుంచి ఒకసారి లోపలికి చూసింది. అమ్మాయి కాగితపు రుమాలు పరిచి దాని మీద ఏదో గీస్తోంది. మేనేజరు మోచేతులు బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, గీత వెంట చూపు నడిపిస్తూ, ఏదో అడ్డుప్రశ్న వేశాడు. అమ్మాయి తల అడ్డంగా ఊపి, గీసినదాన్ని వేలితో పొడుస్తూ వాదించడం మొదలుపెట్టింది. అది చాలు. ఆమె బస్సు స్టాపు వైపు నడిచింది.

"ఇంత పెందరాళే వచ్చావేం?" అన్నాడు భర్త మిషను ఆపి.

"మాన్పించారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "ఏడవవేం మరి?"

"కోపం తీరనీ. తరువాత ఏడుస్తా."

ఆయన మిషను మీద గుడ్డ కప్పేసి, స్టూలు ఆమె వైపు జరిపాడు.

అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. చేరాక, మొదటి సెలవుకు కాలేజీకి వచ్చి, మెట్ల కింద తల వంచుకుని గదిలోకి అడుగుపెట్టింది. ఫోను లేదు. బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఒక కొత్త గుమాస్తా ఉన్నాడు.

"హలో అక్క లేరా?"

"అలాంటివాళ్ళెవరూ లేరిక్కడ. యాప్‌లో పేరు నమోదు చేసుకున్నారా?"

"ఆమె ఇల్లెక్కడో తెలుసా మీకు?"

"యాప్‌లో అడగండి."

అమ్మాయి ఆ ముఖంలోకి తేరిపార చూసింది. పొట్టలో ఎక్కడో ఏదో రాజుకోవడం ఆమెకు తెలిసింది. "అడగను. నేనే కనుక్కుంటా," అని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

మూలకు నెట్టేసిన పాత కుర్చీ వీపు మీద ఎవరూ తీయని ఒక బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది. దాని కుడిచెయ్యి కొన్ననాటిలాగే ఉంది. ఎడమచెయ్యి మాత్రం, రిసీవరు పట్టుకుని మోచెయ్యి బల్లకు ఆనించేచోట, పోగు పోగుగా అరిగి, అవతలి గోడ కనిపిస్తోంది.